బోటు కొనే ముందు మీ ఊరి ఒడ్డు చూడు

ప్రశ్న: అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. పదకొండేళ్లుగా గుజరాత్‌లోని వెరావల్‌లో ట్రాలు బోట్ల మీద కలాసీగా పనిచేస్తున్నాను. ఆగస్టులో వెళ్తే మళ్లీ మే నెలాఖరుకే ఇల్లు. పాప బడిలో చేరింది, ఇక వెళ్లకూడదనుకుంటున్నాను. ఆరు లక్షలు కూడబెట్టాను. విశాఖలో ఉన్న మా బావ పాత సోనా బోటులో వాటా తీసుకోమంటున్నాడు. ఊళ్లో స్నేహితులు ఫైబర్ బోటు, వెనక బయట బిగించే పెట్రోలు ఔట్‌బోర్డు ఇంజను అంటున్నారు. మా నాన్నకు ఇప్పటికీ తెప్పే లోకం. ఏది కొంటే మంచిది?

జవాబు:

తమ్ముడూ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బెంతుందో రాశావు, బావ ఏమన్నాడో రాశావు, నాన్న ఏమంటున్నాడో రాశావు. మీ ఊరి ఒడ్డు ఎలా ఉంటుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. పదకొండేళ్లు హార్బరు నుంచి బయల్దేరి హార్బరుకే తిరిగొచ్చిన మనిషివి కాబట్టి ఆ సంగతి తట్టి ఉండదు. వెరావల్‌లో బోటు జెట్టీ పక్కన కట్టేసి ఉంటుంది, చెప్పులు విప్పకుండా నడిచి ఎక్కుతావు. మీ ఊళ్లో బోటు రాత్రిపూట ఎక్కడ పడుకుంటుంది? నేను ముందు అడిగేది ఇదే. ఎంత దూరం పోతుంది, ఎంత సరుకు మోస్తుంది అన్నవన్నీ దాని తర్వాత.

నేను పుట్టింది తాళ్లరేవులో, కోరంగి పక్కన. ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలు కట్టిన చోటది. 1839 ఉప్పెన కోరంగిని ఊడ్చేసింది గానీ, కట్టే చేతులు మా వైపు మిగిలాయి. మా నాన్న నావలు కట్టేవాడు. నేను చెక్కతో మొదలుపెట్టి ఫైబర్‌కు మారాను. ఇన్నేళ్లలో నా షెడ్డుకు బాగుచేయమని వచ్చిన చిన్న బోట్లలో నడి సముద్రంలో దెబ్బతిన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఇంటికొచ్చేటప్పుడు ఆఖరి వంద గజాల్లో పగిలినవే.

మీ జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ అంత లేదు. అంత తీరంలో పెద్ద బోటు నిలబెట్టే హార్బరు లేకనే కదా మీ ఊళ్లన్నీ గుజరాత్ రైలెక్కింది. 2018 నవంబరులో ఆ బోట్ల మీద ఉండగానే మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వస్తుంటే ఇక్కడ టీవీల ముందు కూర్చుని చూశాం. కాబట్టి ఇంటికి వచ్చేయాలన్న నీ ఆలోచనకు నేను అడ్డు చెప్పను. బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ అని మాటలు నడుస్తున్నాయి. అక్కడ నిజంగా బోటు కట్టే రోజు వచ్చాక నీ లెక్క మార్చుకుందువు గాని. ఇవాళ కొనే బోటు ఇవాళ ఉన్న ఒడ్డుకే సరిపోవాలి.

ముందు మీ నాన్న తెప్ప సంగతి మాట్లాడతాను. పెద్దాయన మాటను ముసలి మొండితనం అనుకుని పక్కన పెట్టకు. తెప్పంటే నాలుగైదు దుంగలు తాడుతో కట్టిన వస్తువు, అంతే కదా అనిపిస్తుంది. కానీ మన ఒడ్డు కెరటానికి అంతకంటే తెలివైన జవాబు ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదని బోట్లు కట్టి బతికిన నేనే ఒప్పుకుంటున్నాను. దానికి లోపలంటూ లేదు, కాబట్టి నీళ్లు నిండేదీ లేదు. కెరటం మీద పడితే దుంగల సందుల్లోంచి జారిపోతుంది. తిరగబడితే మళ్లీ తిప్పి ఎక్కుతారు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఒక్కో దుంగా భుజాన వేసుకుని పైకి మోస్తారు, ఎండలో ఆరబెడతారు. ఒడ్డు నుంచి లాగే అలివి వలలు వేసే పెద్ద పడవల్ని కూడా మనవాళ్లు మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఇసుకలో దబ్బున కూర్చున్నప్పుడు మేకు కొట్టిన పలక చీలుతుంది, కుట్టిన పలక వంగి లేస్తుంది. హార్బరు కట్టకముందు మద్రాసులో తెల్లదొరలు ఓడ దిగి ఒడ్డుకు చేరింది అలాంటి కుట్టు పడవల్లోనే. వాళ్ల సొంత పడవలు ఆ కెరటానికి నిలవలేదు మరి.

తెప్ప లోపం కూడా చెప్పాలి. తెడ్డుతో, తెరచాపతో పోయేది ఎంత దూరం? దగ్గర నీళ్లలో చేప తగ్గింది. మంచి దుంగలు దొరకడం లేదు. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి రోజు విడిచి రోజు ఎండాలి. ఐసు పెట్టుకునే చోటు లేదు. ఒంటిమీద ఎండా ఉప్పూ తప్ప ఇంకేం మిగలదు. దాని మీదే ఇల్లు గడుపుకోమని నీకు చెప్పలేను. కానీ ఆ తెప్పను అమ్మకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం. ఇంజను ఉన్నదేదీ నీళ్లలో దిగకూడదు. ఇంజను లేని తెప్పకు ఆ నిషేధం లేదు. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలైంది. వస్తే మంచిదే, కానీ ఇంటి ఖర్చుకు అది ఎన్నాళ్లొస్తుంది? నాన్న తెప్ప ఆ రోజుల్లో కూరకైనా ఆదుకుంటుంది.

ఇక బావ చెప్పిన సోనా బోటు.

దాని పని నీకు నాకంటే బాగా తెలుసు. పదమూడు, పద్నాలుగు మీటర్ల ట్రాలు బోటు, ఏడెనిమిది మంది మనుషులు, గదిలో టన్నుల కొద్దీ ఐసు, పది పదిహేను రోజుల వేట. నీకు తెలిసింది కలాసీ వైపు నుంచి. ఓనరు వైపు నుంచి ఒకసారి చూడు. ఒక వేటకు రెండు వేల లీటర్ల డీజిల్ అనుకో, లీటరు దాదాపు వంద. అంటే మొదటి చేప పడకముందే రెండు లక్షలు సముద్రంలో పోసినట్టు. ఐసు, బియ్యం, మనుషుల బత్తా వేరు. రాష్ట్ర ప్రభుత్వం లీటరుకు 9 రూపాయల చొప్పున, పెద్ద బోటుకు నెలకు 3000 లీటర్ల దాకా రాయితీ ఇస్తుంది. లీటరుకు తొమ్మిది తగ్గినా తొంభై మిగిలే ఉంది. వలకు రొయ్య పడితే గట్టెక్కుతావు. వరసగా రెండు వేటలు ధర రాని చెత్త చేపతో తిరిగొస్తే మూడో వేటకు డీజిలు ఎవరు పోస్తారు? వేలం వ్యాపారి పోస్తాడు. అక్కడి నుంచి సరుకు అతనికే, అతను చెప్పిన ధరకే. విశాఖలో బోటు ఓనర్లు అని పిలిపించుకునే వాళ్లలో ఇలా వ్యాపారి ఖాతాలో ఉన్నవాళ్లు ఎందరో మీ బావనే అడుగు. నిజాయతీపరుడైతే చెబుతాడు.

పైగా నీది వాటా. వాటా అంటే బోటు నీది కాదు, బోటు అప్పులో నీకు భాగం ఉంది అనుకో. రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు లేని వాటాకు రేపు గొడవొస్తే విలువ లేదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ హార్బరులో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి, గుర్తుందా? ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తానంది. ఆ చెక్కు ఎవరి పేరు మీద రాస్తారు? కాగితంలో ఎవరుంటే వాళ్ల పేరు మీద. నోటి వాటాదారు ఆ రోజు వాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సిందే.

ఇంత చెప్పినా బావ మాట కాదనలేని పరిస్థితి ఉంటే కనీసం ఈ పని చెయ్యి. నీళ్లలో తేలుతుండగా చూసి ఏ చెక్క బోటునూ కొనకు. స్లిప్‌వే (బోట్లను ఒడ్డెక్కించే ఏటవాలు గట్టు) మీదికి లాగించు, ఖర్చు నువ్వే పెట్టుకున్నా సరే. చాలా పాత బోట్లకు చెక్క మీద ఫైబర్ పొర వేసి రంగు కొట్టేస్తారు. పైకి పెళ్లికూతురిలా ఉంటుంది. లోపల నీటిపురుగు తొలిచేసిన చెక్క స్పాంజిలా అయి ఉంటుంది. అడుగున కీలు (బోటు పొడవునా ఉండే వెన్నుదూలం) వెంబడి, ఇంజను కూర్చునే దిమ్మల దగ్గర, వెనక ఫ్యాను (నీళ్లను తోసే రెక్కలు) రాడ్డు బయటికొచ్చే చోట సుత్తితో కొట్టుకుంటూ పో. గట్టి చెక్క ఖంగుమంటుంది, కుళ్లింది దబ్ అంటుంది. లోపలి వైపు నుంచి స్క్రూడ్రైవరు గుచ్చి చూడు. వేలెడు దిగిందంటే ఆ రోజు టీ తాగి ఇంటికొచ్చెయ్.

అసలు ప్రశ్న ఫైబర్. ఇక్కడ నీ స్నేహితులు సగమే చెప్పారు. ఫైబర్ అని ఒక్క మాట అనేస్తే కుదరదు, మన తీరంలో రెండు రకాలున్నాయి. ఒకటి లోపల ఖాళీగా, పైన తెరిచి ఉండే ఫైబర్ బోటు, సుమారు ఇరవై ఎనిమిది, ముప్పై అడుగులది. రెండోది ఫైబర్ తెప్ప. ఆకారం తెప్పదే. బయట ఫైబర్ తొడుగు, లోపలంతా థెర్మోకోల్ నింపి మూసేస్తారు. మనుషులు పైనే కూర్చుంటారు.

ఈ రెండింటికీ మధ్య తేడా ప్రాణం తేడా. ఫైబర్ అనే సరుకు నీటి కంటే బరువు. ఖాళీ బోటు నిండా నీళ్లు చేరితే, లోపల గాలి గదులో థెర్మోకోలో లేకపోతే, రాయిలా దిగుతుంది. చెక్క నావ మునిగినా అంచు తేలుతూ ఉండేది, పట్టుకుని వేలాడేవాళ్లం. ఫైబర్ వచ్చిన కొత్తలో మాకే ఈ సంగతి తలకెక్కలేదు. ఒక అనుభవం చెబుతాను. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మన తీరానికి ఉచిత ఫైబర్ బోట్లు వరదలా వచ్చాయి. సాయం చేయాలన్న తొందరలో ఎక్కడెక్కడివాళ్లో షెడ్లు తెరిచేశారు, పడవ అంటే తెలియనివాళ్లు కూడా. అలా ఒక సంస్థ ఇచ్చిన బోటును (పేరెందుకులే) పరీక్షగా నేనూ మరో ముగ్గురూ కెరటంలోకి దించాం. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు రెండో కెరటం మీద ఎత్తి ఇసుకలో వేసింది. కీలు దగ్గర అప్పడంలా విరిగింది. చూస్తే అక్కడ రెండు పొరల ఫైబర్ మ్యాటే ఉంది, కూర్చునే పలకల కింద థెర్మోకోల్ నింపాల్సిన గదులు ఖాళీ. అవి నడుంలోతు నీళ్లు కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

అందుకే మీ ఊరి ముందు నేరుగా తెరిచిన ఒడ్డే అయితే, పక్కన మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) గానీ ఏరు గానీ లేకపోతే, నా ఓటు ఫైబర్ తెప్పకే. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడుస్తుంది. కెరటం కొట్టినా మునగదు. నలుగురు సాయం పడితే ఇసుక మీదికి ఎక్కుతుంది. మీ నాన్నకు దాని మీద కాలు పెట్టగానే అర్థమవుతుంది. ఆయన చేతిలోని విద్య వృథా పోదు. వెరావల్ నీకు నేర్పనిది అదే. ట్రాలు వల లాగడం నేర్పింది గానీ, ఏ కెరటం వెనక బయల్దేరాలో, ఏ కెరటం మీద లోపలికి రావాలో నేర్పలేదు. ఆ విషయంలో ఇప్పటికి నువ్వు కొత్తవాడివే, ఏమీ అనుకోకు.

దగ్గర్లో మొగ ఉంటే లెక్క వేరు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ కలుస్తాయి. అలాంటి చోటికి నడక దూరంలో ఉంటే బోటును ఏటి నీళ్లలో నిలపొచ్చు. రోజూ ఇసుక మీదికి లాగే పని తప్పుతుంది. అప్పుడు తెరిచిన ఫైబర్ బోటు తీసుకో. వల వెయ్యడానికి చోటెక్కువ, ఐసు పెట్టె పెట్టుకోవచ్చు, చందువా వంజరం లాంటి సరుకు ఎండకు చెడకుండా తేవచ్చు. మొగలు ఏటా చోటు మారుస్తాయి, ఇసుక మేట వేస్తే పాటు సమయంలో బోటు బయటే ఆగిపోతుంది. ఇది అక్కడివాళ్లకు తెలిసిందే, నువ్వూ ఒక ఏడాది పోటుపాట్లు గమనించాలి.

ఏది కొన్నా వెనక భాగం చూడు. ఇది చాలామంది పట్టించుకోరు. మన తెప్పకు గానీ పాత నావకు గానీ వెనక కూడా ముక్కులా సన్నంగానే ఉంటుంది. ఒడ్డుకొచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి తరుముతుంది. సన్నటి వెనక అయితే నీళ్లు రెండు పక్కలకు చీలిపోతాయి. పలకలా తెగ్గొట్టిన వెనక అయితే కెరటం దాన్ని అరచేత్తో తోసినట్టు తోస్తుంది, బోటు అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిందంటే బోల్తా. ఔట్‌బోర్డు ఇంజను బిగించాలంటే పలక వెనకే కావాలి, అక్కడే చిక్కు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం మత్స్య కార్యక్రమం వాళ్లు ఈ చిక్కు మీదే ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఇంజను పెట్టె మొత్తాన్ని ఒక ఇరుసు మీద పైకి లేపి, ఫ్యాను ఇసుకకు తగలకుండా ఒడ్డెక్కే బోట్లు కట్టి మన ఒడ్ల మీదే పరీక్షించారు. ఆ కార్యక్రమంలో పనిచేసిన నార్వే ఇంజనీరు గుల్‌బ్రాండ్‌సన్ రాసిన చిన్న బోట్ల పుస్తకాల్లో బొమ్మలు చూసే మేం చాలా నేర్చుకున్నాం, భాష రాకపోయినా.

ఇంజను గురించి స్నేహితులు పెట్రోలు ఔట్‌బోర్డు అన్నారు కదా. తేలిక, చప్పుడు తక్కువ, చప్పున ఎత్తొచ్చు, పరుగెక్కువ. అన్నీ నిజమే. కానీ నోరు పెద్దది. మేం వేసుకునే మోటు లెక్క ఒకటుంది. డీజిల్ ఇంజను ఒక్కో గుర్రపు శక్తికి గంటకు పావు లీటరు తాగితే, పాత రకం టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజను అర లీటరు తాగుతుంది. ఎనిమిది గుర్రాల మీద రోజుకు ఆరు గంటలు నడిపితే డీజిలు 12 లీటర్లు, పెట్రోలు 24 లీటర్లు. పెట్రోలు ధర డీజిలు కంటే ఎక్కువ కూడా. రోజుకు పద్నాలుగు వందల దాకా తేడా, నెలకు ఇరవై రోజులు వెళ్తే పాతిక వేలు పైమాటే. ఫోర్ స్ట్రోక్ అయితే ఈ తేడా తగ్గుతుంది, పోదు. చిన్న బోట్లకు డీజిల్ రాయితీ నెలకు 300 లీటర్ల దాకా ఉంది. పై లెక్కలో నీ వాడకం 240 లీటర్లే కాబట్టి మొత్తం రాయితీలోనే వస్తుంది. అందుకని పొడవాటి రాడ్డు చివర ఫ్యాను ఉండే పది గుర్రాల డీజిల్ ఇంజను చూడు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, ఒళ్లంతా వణుకుతుంది, అది భరించాలి. కానీ కెరటంలోకి వచ్చే ముందు రాడ్డును ఒక్క ఊపున పైకెత్తెయ్యొచ్చు, పాడైతే ఊళ్లో పంపుసెట్టు మెకానిక్కయినా విప్పగలడు. ఇంకొకటి, వెళ్లేటప్పుడు వేగం పెంచే పిడి పూర్తిగా తిప్పకు. వేగం కాస్త తగ్గిస్తే చమురు చాలా తగ్గుతుంది. పక్క బోటుతో పందేలు కుర్రాళ్ల సరదా, నీకు పాప ఫీజు ఉంది.

కొనేటప్పుడు షెడ్డుకు పొద్దున్నే వెళ్లు. రంగు వేసిన బోటు చూపిస్తే వద్దను, రంగు వెయ్యనిది చూపించమను. ఎండకు ఎదురుగా పెట్టి లోపలి నుంచి చూస్తే తెల్లటి పొడి పోగులు, గాలి బుడగలు కనిపిస్తాయి. అవి ఉన్నచోట ఫైబర్ రెజిన్‌ను (పోగుల్ని అతికించే జిగురును) సరిగ్గా తాగలేదన్నమాట. పది రూపాయల బిళ్లతో ఒళ్లంతా తట్టు. టక్ టక్ అంటే మంచిది, మధ్యలో ఎక్కడైనా టప్ అంటే పొరలు విడిపోయాయి. ఘాటు వాసన ఇంకా కొడుతుంటే సరిగ్గా ఆరలేదు, పదిహేను రోజులు ఆగు. కీలు కింద అదనంగా పొరలు వేయించి, దాని మీద అరిగిపోతే మార్చుకునే చెక్క పట్టీ బిగించమను. రోజూ ఇసుకలో ఈడిస్తే ముందు అరిగేది అదే. ఫైబర్ తెప్ప అయితే తూకం వేయించి రాసి పెట్టుకో, ఆరు నెలలకోసారి మళ్లీ తూకం వెయ్. బరువు పెరిగిందంటే ఎక్కడో పగులులోంచి నీళ్లు లోపల చేరుతున్నాయి.

తెరిచిన బోటు అయితే ఒక పరీక్ష తప్పనిసరి. ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి బకెట్లతో అంచుదాకా నింపించు. ఇద్దరు ఎక్కి కూర్చోండి. తేలితే డబ్బివ్వు. షెడ్డువాడు నవ్వుతాడు, విసుక్కుంటాడు, బోటు పాడైపోతుందంటాడు. పాడయ్యేదైతే అక్కడే పాడవనీ. బయటి అంచు పొడవునా తాడు కూడా బిగించమను, తిరగబడిన నున్నటి ఫైబర్‌ను పట్టుకోవడానికి చేతికి ఇంకేదీ దొరకదు.

డబ్బు విషయం. ఆరు లక్షలూ బోటులో పెట్టెయ్యకు. మూడో వంతు వలలకు తీసి పక్కన పెట్టు. బోటు చేపను పట్టదు. కవళ్లకు, కానాగంతలకు ఒక కన్ను (అల్లికలో సందు) వల, వంజరానికి ఇంకో కన్ను, లోతు నీళ్లలో ట్యూనాకు గాలాలు. ఒక్క వలతో ఏడాదంతా గడవదు. రింగు వల (చేపల గుంపును చుట్టేసే పెద్ద వల) జోలికి మాత్రం ఊరి పెద్దల్ని అడగకుండా వెళ్లకు. 2022 జనవరిలో విశాఖలో ఆ వలల మీద పక్కపక్క పేటలవాళ్లే కొట్టుకుని పడవలు తగలబెట్టుకున్నారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సంప్రదాయ మత్స్యకారులకు బోటు, వలలు కలిపి 5 లక్షల యూనిట్ ఉంది. అందులో 40 శాతం రాయితీ, ఎస్సీ ఎస్టీలకూ ఆడవాళ్లకూ 60 శాతం. మీ ఆవిడ పేరు మీద దరఖాస్తు పెడితే ఎంత కలిసొస్తుందో లెక్క వేసుకో. నిధులు ఈ ఏడాది ఉన్నాయా లేదా అన్నది మీ సచివాలయంలో మత్స్య సహాయకుడిని అడుగు. కానీ రాయితీ వస్తుందని నమ్మి వడ్డీకి తేవద్దు. వచ్చేది వచ్చినప్పుడు వస్తుంది, వడ్డీ మాత్రం ప్రతి నెలా తలుపు తడుతుంది.

రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు మొదటి నెలలోనే చేయించు. బోటు మీద నంబరు లేకపోతే డీజిల్ రాయితీ లేదు, నిషేధ భృతి లేదు, ఏదైనా జరిగితే పరిహారమూ రాదు. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు నీళ్లు 1994 చట్టం ప్రకారం మీలాంటి చిన్న వేటగాళ్లవి, ట్రాలు బోట్లు అక్కడ వల వెయ్యకూడదు. వేస్తాయి, నీకూ తెలుసు, బహుశా నువ్వూ ఆ వైపు బోటు మీద ఉండి వేసే ఉంటావు. ఇప్పుడు ఇటు వైపు కూర్చుని అదే చూసి తిడతావు. నంబరున్న బోటు ఓనరు ఫిర్యాదు చేస్తే కనీసం రాసుకుంటారు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. షెడ్డుకు వెళ్లే ముందు పది రోజులు తెల్లారుజామునే మీ నాన్నను తీసుకుని ఒడ్డుకు వెళ్లు. పెద్ద కెరటాలు వరసగా ఎన్ని వస్తున్నాయో, వాటి తర్వాత చదునుగా ఉండే సందు ఎంతసేపు ఉంటోందో లెక్కపెట్టు. మొదటి కెరటం విరిగే చోటు నుంచి ఇసుక దాకా ఎన్ని అడుగులో, ఇసుక ఎంత వాలుగా ఉందో చూడు. పొద్దున్నే బోటు లాగడానికి వచ్చే మనుషులు మీ ఊళ్లో ఎంతమంది మిగిలారో కూడా చూడు. సగం మంది వెరావల్‌లోనే ఉన్నారు కదా. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, దగ్గర్లో మొగ ఉందో లేదో కలిపి నాకు పంపు. ఎంత పొడవు, ఎంత వెడల్పు కట్టించుకోవాలో అప్పుడు అంకెల్లో చెబుతాను.